ఇంటర్ తర్వాత ఏమిటి? మా క్లాసు పిల్లలతో తొమ్మిది నెలలు

2024 అక్టోబరు చివర్లో ఒక ఆదివారం, పత్తి చేను గట్టు మీద మా పాత విద్యార్థిని కనిపించింది. ఇంటర్‌లో వెయ్యికి 812 మార్కులు తెచ్చుకున్న అమ్మాయి. నడుముకు ఒడి కట్టుకుని పత్తి ఏరుతోంది. డిగ్రీలో ఎక్కడ చేరావని అడిగాను. "ఆఖరి తేదీ దాటిపోయిందని తెలియలేదు మేడమ్. ఎవరూ చెప్పలేదు" అంది. ఆ 'ఎవరూ'లో నేనూ ఉన్నాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నేను పాలమూరు వైపు ఒక మండల కేంద్రంలోని ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను. రెండో సంవత్సరం సీఈసీ (సివిక్స్, ఎకనామిక్స్, కామర్స్), హెచ్ఈసీ (హిస్టరీ, ఎకనామిక్స్, సివిక్స్) కలిపి ఆ ఏడాది 38 మంది: 21 మంది అమ్మాయిలు, 17 మంది అబ్బాయిలు. వీరిలో ఒక్కరు కూడా తెలియక మిగిలిపోకూడదని అనుకున్నాను. ఇది ఎవరూ అప్పగించిన పని కాదు, దీనికి ప్రత్యేకంగా సమయమూ లేదు. నాలాగే ఈ పని తలకెత్తుకునే లెక్చరర్లకు, ఇంట్లో ఇంటర్ పిల్లలున్న వారికి పనికొస్తుందని జరిగినదంతా రాస్తున్నాను.

నవంబరు 4న క్లాసులో తలా ఒక చీటీ ఇచ్చి, ఇంటర్ తర్వాత ఏం చేయాలనుకుంటున్నారో రాయమన్నాను. 14 మంది పోలీసు అని రాశారు. ఆరుగురు టీచరు, ముగ్గురు నర్సు, ఇద్దరు సాఫ్ట్‌వేర్. మిగిలిన 13 చీటీల్లో కొన్ని ఖాళీ, కొన్నింటిలో 'తెలియదు'. చీటీ వెనుక ఇంకో ప్రశ్న ఉంది: ఈ మాట ఇంట్లో ఎవరితోనైనా చెప్పారా? నలుగురే అవునన్నారు.

నర్సు అని రాసిన ముగ్గురినీ పిలిచి మాట్లాడవలసి వచ్చింది. బీఎస్సీ నర్సింగ్‌కు బైపీసీ చదవాలని ఆ పిల్లలకు తెలియదు. పదో తరగతి అయ్యాక ఏ గ్రూపులో ఖాళీ ఉంటే ఆ గ్రూపులో చేరారు. రెండేళ్ల క్రితమే మూసుకుపోయిన తలుపు గురించి పదిహేడేళ్ల పిల్లకు చెప్పడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. ఒక అమ్మాయి ఏడవలేదు, ఏమీ అడగలేదు. తల వంచుకుని చీటీ మడతపెట్టుకుని వెళ్లిపోయింది. ఇతర గ్రూపుల వారు కూడా నర్సింగ్ డిప్లొమా అయిన జీఎన్ఎంకు ప్రయత్నించవచ్చని వెతికి తెలుసుకుని, మర్నాడే చెప్పాను. అప్పుడు ఏడ్చింది.

డిసెంబరంతా కోర్సుల గురించి చెబుదామని ఒక పెద్ద చార్టు తయారు చేసుకున్నాను. అది గోడకు ఎక్కనే లేదు. తెలంగాణలో డిగ్రీ ప్రవేశాలు దాదాపు అన్నీ దోస్త్ అనే ప్రభుత్వ ప్రవేశాల వెబ్‌సైట్ ద్వారా ఆన్‌లైన్‌లోనే జరుగుతాయి. ఇంట్లోనో కాలేజీలోనో కూర్చుని నేరుగా నమోదు చేసుకోవాలంటే ఆధార్‌కు అనుసంధానమైన ఫోన్ నంబరు ఉండాలి, దానికి వచ్చే ఓటీపీ మన చేతికి అందాలి. మీ ఆధార్‌కు ఏ నంబరు ఉందని క్లాసులో అడిగాను. పనిచేసే నంబరు చెప్పగలిగినవారు 15 మంది. మిగతా 23 మందిలో కొందరి నంబరు ముంబయిలో తట్ట మోస్తున్న తండ్రి దగ్గర ఉంది. కొందరి సిమ్ రీఛార్జి చేయక పోయింది. ఒక అబ్బాయి ఆధార్‌లోని నంబరుకు ఫోన్ చేస్తే, ఎవరో తెలియని మనిషి ఎత్తి, పదే పదే ఫోన్ చేయవద్దని కోప్పడ్డాడు.

అందుకే ముందు చేయవలసింది ఆధార్ కేంద్రానికి వెళ్లడం. మాకు దగ్గరి కేంద్రం జిల్లా కేంద్రంలో ఉంది, 34 కిలోమీటర్లు. నంబరు మార్చడానికి అప్పట్లో 50 రూపాయలు. అమ్మాయిలకు బస్సు ఉచితం కానీ ఆధార్ ఒరిజినల్ చూపించాలి. మొదటి రోజు ఇద్దరు జిరాక్సులు తెచ్చారు, వారి టికెట్లకు నేనే డబ్బులిచ్చాను. ఉదయం తొమ్మిదిన్నరకు చేరుకునేసరికే ఆ రోజు టోకెన్లు అయిపోయాయి. రెండోసారి తెల్లవారుజామున మొదటి బస్సుకు వెళ్లి వరుసలో నిలబడ్డాం. ఒక అమ్మాయి వేలిముద్రలు యంత్రానికి పడలేదు. నెల రోజులుగా పత్తి ఏరి వేళ్ల చివర్లు గీసుకుపోయి ఉన్నాయి. చివరికి కంటిపాపతో పని జరిగింది. ఫిబ్రవరి నెలాఖరుకు 23 మందిలో 19 మందికి నంబర్లు మారాయి. నాలుగు నెలలు దీనికే పోయాయి.

కొత్త సిమ్ అనగానే కొందరి ఇళ్లలో పెద్ద చర్చ అయింది. ఆడపిల్ల చేతికి ఫోన్ ఎందుకని. వారితో నేను వాదించలేదు. సిమ్ తల్లి దగ్గర ఉన్న చిన్న ఫోన్‌లో వేయమన్నాను. మెసేజ్ వస్తే చాలు, అది ఇంట్లోనే ఉంటే చాలు. ఆ మాటకు చాలామంది ఒప్పుకున్నారు.

సంక్రాంతి సెలవులయ్యాక తల్లిదండ్రుల సమావేశం పెట్టాను. పండక్కి ఊళ్లకు వచ్చినవారు ఇంకా తిరిగి వెళ్లి ఉండరని నా ఆశ. 38 ఇళ్లకు కబురు పంపితే తొమ్మిది మంది వచ్చారు. ఆ తర్వాత మా ఇంగ్లిష్ లెక్చరర్ స్కూటీ మీద నన్ను ఎక్కించుకుని సాయంత్రాలు ఊళ్లు తిప్పింది. ఆరు ఊళ్లు తిరిగాం. ఎక్కువ ఇళ్లలో ఒకటే ప్రశ్న: "డిగ్రీ చదివితే ఉద్యోగం వస్తుందా మేడమ్?" వస్తుందని నేను చెప్పలేను. డిగ్రీ పూర్తి చేసి ఊళ్లో ఖాళీగా ఉన్నవారు వారి కళ్ల ముందే ఉన్నారు. డిగ్రీ లేకపోతే రాయడానికి కూడా వీలులేని పరీక్షలు ఏవో చెప్పాను. బీఏ తర్వాత బీఈడీ చేస్తే ఎన్నేళ్లు పడుతుందో, ఆ ఐదేళ్లూ ఇంటికి డబ్బు రాదని కూడా చెప్పాను. ఒక తండ్రి నా మాటలన్నీ విని, "మొదటిసారి ఎవరో లెక్క చెప్పారు" అన్నాడు. దాచకుండా చెప్పడమే మంచిదని ఆ రోజు గట్టిగా అనిపించింది.

ఇద్దరు అమ్మాయిల ఇళ్లలో సంబంధాలు చూస్తున్నారు. ఒక తల్లి నన్ను కూర్చోబెట్టి టీ ఇచ్చి, ఎంతో మర్యాదగా, "మీరు చదువు సంగతి చూడండి, మేం పిల్ల సంగతి చూస్తాం" అంది. పద్దెనిమిది నిండే దాకా ఆగుతామని మాట ఇచ్చారు, ఆ మాట నిలబెట్టుకున్నారు. అంతకుమించి నేనేమీ చేయలేకపోయాను. ఇప్పటికీ నాకు ఆ బాధ ఉంది.

జనవరిలోనే ఒక పొరపాటు చేశాను. ముందుచూపుతో ఉన్నానని అనుకుని, ఫీజు రీయింబర్స్‌మెంట్ కోసం 11 మంది చేత ఆదాయ ధ్రువపత్రాలు తీయించాను. మీసేవలో ఒక్కొక్కదానికి 45 రూపాయలు, దరఖాస్తు ఫారం, జిరాక్సులు, ఒక పూట కూలి. దోస్త్ నోటిఫికేషన్ వచ్చాక చూస్తే ఏప్రిల్ 1 తర్వాత తీసుకున్న పత్రమే చెల్లుతుంది. పదకొండూ వృథా. ఆ డబ్బు తిరిగి ఇచ్చేశాను కానీ, పోయిన కూలి ఇవ్వలేకపోయాను. కుల ధ్రువపత్రం ముందే తీసుకోవచ్చు. ఆదాయ పత్రం మాత్రం ఏప్రిల్ దాకా ఆగండి.

మార్చి 5 నుంచి 25 వరకు పరీక్షలు. ఆ రోజుల్లో భవిష్యత్తు గురించి ఎవరితోనూ ఒక్క మాటా మాట్లాడలేదు. మార్చి నెలాఖరుకు మాకు వేసవి సెలవులు మొదలయ్యాయి. తర్వాత జరిగినదంతా సెలవుల్లోనే జరిగింది, అందువల్ల కాలేజీ గది తాళం కోసం కూడా ప్రతిసారీ అడగవలసి వచ్చేది.

ఏప్రిల్ 22న ఫలితాలు వచ్చాయి. 38 మందిలో 25 మంది పాసయ్యారు. పాసైనవారి ఫోన్లు సాయంత్రం దాకా వస్తూనే ఉన్నాయి. మిగతా 13 మందిలో ఒక్కరూ ఫోన్ చేయలేదు. నేను చేస్తే తొమ్మిది ఫోన్లు స్విచాఫ్. నాకు భయం వేసింది. ఫలితాల రోజుల్లో మన దగ్గర పిల్లలు ఏం చేసుకుంటున్నారో ఏటా చదువుతూనే ఉన్నాం. ఆ సాయంత్రమూ మర్నాడూ అన్ని ఇళ్లకూ మనిషిని పంపించాను, కొన్నింటికి నేనే వెళ్లాను. ఒక అబ్బాయి మాత్రం దొరకలేదు. రాత్రి బస్సుకే హైదరాబాద్ వెళ్లి, బంధువుల వెంట సెంట్రింగ్ పనిలో చేరిపోయాడు. ఒక్క సబ్జెక్టే పోయింది. అది నేను చెప్పే ఎకనామిక్స్. మే 22 నుంచి సప్లిమెంటరీ పరీక్షలని, ఫీజు నేను కడతానని అతని అన్నతో చెప్పించాను. రాలేదు. ఇది రాస్తుంటే చేయి ఆగిపోతోంది.

మే 3న దోస్త్ మొదటి విడత నమోదు మొదలైంది. ఫీజు 200 రూపాయలు. కాలేజీలో రెండు కంప్యూటర్లు, నా ఫోన్. ఒక్కొక్కరికి సరిగ్గా పెడితే ఇరవై నిమిషాలు. అయితే ఆధార్‌లో పేరు ఒకలా, పదో తరగతి మెమోలో ఇంకోలా ఉన్నవారికి మాత్రం రోజులు పట్టాయి. ఆధార్‌కు నంబరు లేకుండా మిగిలిన నలుగురికి టీ యాప్ ఫోలియో అనే ప్రభుత్వ మొబైల్ యాప్‌లో ముఖం చూపించి ధ్రువీకరించుకునే మార్గం ఉంది. ముగ్గురికి వెంటనే పనిచేసింది. నాలుగో అమ్మాయి ఆధార్‌లో ఫొటో చిన్నప్పటిది. ఆమెను మీసేవకు పంపాం.

మే 6న, టీచరు అని చీటీ రాసిన ఒక హెచ్ఈసీ అమ్మాయి వచ్చింది. హాల్ టికెట్ నంబరు కొట్టగానే, ఇప్పటికే నమోదైందని తెర మీద వచ్చింది. ఆ అమ్మాయి ముఖం పాలిపోయింది. విచారిస్తే తెలిసిన సంగతి ఇది: రెండు రోజుల ముందు ఒక ప్రైవేటు కాలేజీ పీఆర్వోలు (పిల్లలను చేర్పించుకోవడానికి ఇళ్లకు తిరిగేవారు) ఇంటికి వచ్చారు. ఆమె చేనుకు వెళ్లి ఉంది. హాల్ టికెట్, ఆధార్ జిరాక్సులు తీసుకున్నారు. ఫోన్‌కు నంబరు వస్తుంది చెప్పండి అంటే, స్కాలర్‌షిప్ కోసమేమో అనుకుని తండ్రి చదివి వినిపించాడు. 200 రూపాయలు కూడా వారే కట్టారు. దోస్త్ ఐడీ, పిన్ వారి దగ్గరే ఉన్నాయి. ఆ రెండూ చేతిలో ఉన్నవారే ఏ కాలేజీ, ఏ కోర్సు అన్నది పెట్టేస్తారు. ఆ అమ్మాయి ఐదేళ్లు ఎటు వెళ్లాలో ముక్కూమొహం తెలియనివారు తేల్చేవారు.

వెబ్ ఆప్షన్లు, అంటే కాలేజీ, కోర్సు ఎంచుకోవడం, మే 10న తెరుచుకుంటాయి. అంటే మాకు నాలుగు రోజులే ఉంది. మే 8న తండ్రిని, అమ్మాయిని వెంటబెట్టుకుని జిల్లా కేంద్రంలోని దోస్త్ హెల్ప్‌లైన్ కేంద్రానికి వెళ్లాను. పదిన్నరకు వెళితే మూడింటికి పని అయింది. ఆధార్, మెమో ఒరిజినల్స్ చూసి, ఆ అమ్మాయితో మాట్లాడి, నంబరు మార్చారు. కొత్త పిన్ ఆమె సొంత సిమ్‌కు వచ్చింది. ఆ మెసేజ్‌ను నాలుగైదు సార్లు చదువుకుంది. ఇలా ఎవరికైనా జరిగితే ప్రైవేటు కాలేజీ వారితో గొడవకు వెళ్లకండి, ఫోన్లు చేస్తూ రోజులు పోగొట్టుకోకండి. ఒరిజినల్స్‌తో నేరుగా హెల్ప్‌లైన్ కేంద్రానికి వెళ్లండి. విద్యార్థి స్వయంగా వెళ్లాలి.

తిరుగు బస్సులో ఆ తండ్రి ఒక మాట అన్నాడు. "వాళ్ల కాలేజీ బస్సు మా ఇంటి ముందు ఆగుతుంది మేడమ్. మీరు చెప్పే కాలేజీకి పోవాలంటే మా పిల్ల రోడ్డు దాకా రెండు కిలోమీటర్లు నడవాలి. నేను ఊళ్లో ఉండను." అప్పటిదాకా ఆయన మోసపోయాడనే అనుకున్నాను. ఆయన తన లెక్కతోనే ఉన్నాడు. ఆ ప్రైవేటు కాలేజీలో బీకాం కంప్యూటర్స్ ఉంది కానీ ఆమెకు కావలసిన బీఏ లేదు. ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో హిస్టరీ, ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్ ఉన్నాయి, లెక్చరర్లు ఉన్నారు. రెండు వైపులా ఏముందో తండ్రీకూతుళ్లకు కాగితం మీద రాసిచ్చాను. రెండు రోజులు ఆలోచించుకుని వచ్చారు. ప్రభుత్వ కాలేజీలో బీఏను మొదటి ఆప్షన్‌గా ఆ అమ్మాయే తన చేత్తో పెట్టుకుంది. రెండోది మహిళా కళాశాల. ఒక్క ఆప్షన్‌తో ఆపేయవద్దని అందరికీ చెప్పాను, తక్కువలో తక్కువ ఐదు పెట్టించాను.

మే 29న సీట్ల కేటాయింపు. మావాళ్లు 19 మంది నమోదు చేసుకున్నారు, అందరికీ సీట్లు వచ్చాయి. ఆ సంతోషంలో నేను కొంచెం ఏమరిపాటుగా ఉన్నాను. సీటు వచ్చాక జూన్ 6 లోపు ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ చేయాలి, అంటే ఆ సీటు తీసుకుంటున్నామని తెలపాలి, చేయకపోతే సీటు పోతుంది. అందరికీ చెప్పాను, అందరూ సరేనన్నారు. 16 మందే చేశారు. ఒక అబ్బాయి ఉపాధి పనికి వెళ్లి ఫోన్ ఛార్జింగ్ లేక, ఒక అమ్మాయి నెట్ బ్యాలెన్స్ లేక ఆగిపోయారు. ఇంకొకరు సీటు వచ్చిన మెసేజే చేరిక అనుకున్నారు. ముగ్గురూ రెండో విడతలో మళ్లీ నమోదు చేసుకోవలసి వచ్చింది. ఈసారి ఫీజు 400. జూన్ 13న ఆ ముగ్గురికీ, కొత్తగా వచ్చిన ఇంకో అమ్మాయికీ సీట్లు వచ్చాయి. అబ్బాయికి మాత్రం మొదట వచ్చిన కాలేజీ దక్కలేదు. ఈసారి వాళ్లందరినీ పిలిచి, నా ఎదుటే సెల్ఫ్ రిపోర్టింగ్ చేయించాను.

ఇంకో సంగతి: సెల్ఫ్ రిపోర్టింగ్ తర్వాత ఫోన్‌కు సీసీఓటీపీ అని ఒకటి వస్తుంది, కాలేజీలో చేరికను ఖరారు చేసే నంబరు అది. కాలేజీకి స్వయంగా వెళ్లి, గదులు చూసుకుని, చేరతామని తేల్చుకున్నాకే దాన్ని చెప్పాలి. ఫోన్‌లో ఎవరు అడిగినా చెప్పకూడదు. దీన్ని ప్రతి పిల్ల నోట్‌బుక్ మీద ఎర్ర పెన్నుతో రాయించాను.

సప్లిమెంటరీ ఫలితాలు జూన్ 16న వచ్చాయి. 11 మంది రాస్తే ఏడుగురు పాసయ్యారు. మూడో విడత నమోదు అప్పటికే నడుస్తోంది. వారికి రోజుల వ్యవధే ఉంది. ఏప్రిల్ తర్వాత ఆదాయ పత్రాలు వారితో కూడా తీయించి ఉంచడం నేను చేసిన మంచి పనుల్లో ఒకటి. ఫెయిలయ్యాక కూడా నన్నెందుకు మీసేవకు పంపుతున్నారని ఒక అబ్బాయి మేలో అడిగాడు. నువ్వు పాసవుతావు కాబట్టి అన్నాను. జూన్ చివరి వారంలో వారిలో నలుగురికి సీట్లు వచ్చాయి, అతనూ ఉన్నాడు.

ఖర్చు గురించి అడిగేవారి కోసం: ఒక్కో విద్యార్థికి ఆధార్ 50, ఆదాయ పత్రం 45, కుల పత్రం లేకపోతే ఇంకో 45, దోస్త్ 200, ఫొటోలు, జిరాక్సులు కలిపి 400 దాటింది. అబ్బాయిలకు బస్సు ఛార్జీలు అదనం. నా పుస్తకంలో తొమ్మిది నెలలకు నేను పెట్టినది 7,260 రూపాయలు. అందులో సగం ఆటోలు, పెట్రోలు. ప్రైవేటు కాలేజీలో చేరేవారు ఇంకొకటి అడిగి తెలుసుకోవాలి: రీయింబర్స్‌మెంట్ ఆలస్యమైతే టీసీ, మెమోలు ఇచ్చేటప్పుడు డబ్బు కట్టమంటారా అని. చేరేముందే, ఇద్దరి ఎదుట అడగాలి.

ఇప్పుడు లెక్క ఇలా ఉంది. డిగ్రీలో 24 మంది. ఇద్దరు ఐటీఐకి వెళ్లారు, ఒకరు డీఎడ్ కౌన్సెలింగ్ కోసం ఎదురు చూస్తున్నారు, ఇద్దరు అబ్బాయిలు పని చేసుకుంటూ అగ్నివీర్‌కు పరుగు సాధన చేస్తున్నారు. చీటీ మడతపెట్టుకుని వెళ్లిన అమ్మాయి జీఎన్ఎం నోటిఫికేషన్ కోసం చూస్తోంది, వారానికోసారి ఫోన్ చేసి వచ్చిందా మేడమ్ అని అడుగుతోంది. ఇద్దరికి పెళ్లిళ్లయ్యాయి. పాసవని ఆరుగురిలో ముగ్గురు మళ్లీ పరీక్ష రాస్తామంటున్నారు.

జూన్ 30న డిగ్రీ తరగతులు మొదలయ్యాయి. రెండో వారంలో హెచ్ఈసీ అమ్మాయి తన సిమ్ నుంచి ఫోన్ చేసింది. చదువు బాగుందంది, ఎకనామిక్స్ సారు మీలాగే బోర్డు నిండా రాస్తారంది. తర్వాత కాసేపు ఆగి అసలు సంగతి చెప్పింది. చివరి పీరియడ్ నాలుగింటికి అవుతుంది, బస్టాండుకు నడిచేసరికి మా వైపు బస్సు 4:10కి వెళ్లిపోతోంది. తర్వాతిది 6:30కి. రోడ్డు మీద దిగి ఊళ్లోకి నడిచేసరికి ఎనిమిది దాటుతోంది. నాన్నకు ఇంకా చెప్పలేదంది. బస్సులో ఆయన అన్న మాట నాకు గుర్తొచ్చింది. నేను రాసిచ్చిన కాగితంలో బస్సు దిగి నడిచే దూరం ఉంది కానీ, సాయంత్రం బస్సు ఎన్నింటికో లేదు. అది నేను అడగలేదు.

ఆ దారిలో వెళ్లే మన పిల్లలు ఎంతమందో లెక్కపెట్టమన్నాను. మావాళ్లు, పై తరగతుల వారు కలిపి 17 మంది. 4:10 బస్సును 4:30కి మార్చమని దరఖాస్తు రాశాం. పదిహేడు సంతకాలూ అయ్యాయి, ప్రిన్సిపల్ సంతకం శనివారం తీసుకుంటారు. సోమవారం ఉదయం డిపో మేనేజర్ దగ్గరికి వెళుతున్నాం. రాత్రి తండ్రికి నేనే ఫోన్ చేసి జరిగింది చెప్పాను. సోమవారం తానూ వస్తానన్నాడు.